ఇంటి లెక్క: భోగ్యానికి బాడుగ లేదు గానీ వడ్డీ ఉంది

బళ్లారిలో ఇల్లు వెతుక్కునేవాళ్లకు గేట్ల మీద తరచూ కనిపించే బోర్డు ఒకటుంది: "మనె భోగ్యక్కె ఇదె". కొందరు దీన్నే లీజు అంటారు. పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తే రెండేళ్లో మూడేళ్లో బాడుగ లేకుండా ఉండొచ్చు. ఖాళీ చేసేనాడు ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే వెనక్కొస్తుంది. నెల తిరిగేసరికి బాడుగకు తడుముకునే మిల్లు కుటుంబానికి ఈ మాట తియ్యగానే ఉంటుంది. అయితే ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తున్నామన్న దాని మీదే లాభనష్టాలు ఉంటాయి.

భోగ్యమంటే మనం ఇంటాయనకు అప్పివ్వడమే. వడ్డీకి బదులు ఆయన మనల్ని ఇంట్లో ఉండనిస్తాడు. ఒక లెక్క చూడండి. భోగ్యం 3 లక్షలు, అదే ఇల్లు బాడుగకైతే నెలకు 4,000 అనుకుందాం.

సొంత డబ్బు ఉంటే: బ్యాంకులో ఏడాదికి నూటికి 6 చొప్పున వేసినా నెలకు 1,500 వస్తుంది. అది వదులుకుని 4,000 బాడుగ తప్పించుకున్నాం. నెలకు 2,500 మిగులు.

బంగారం కుదువ పెట్టి తెస్తే: ఏడాదికి నూటికి 10 అనుకున్నా నెలకు 2,500 వడ్డీ. మిగిలేది 1,500.

బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే: నెలకు 6,000. బాడుగ కన్నా 2,000 ఎక్కువ! మూడేళ్లకు కట్టిన వడ్డీ 2,16,000. అసలు 3 లక్షలు అట్లే నిలబడి ఉంటుంది. ఇంటాయన డబ్బు తిరిగివ్వడం మూడు నెలలు ఆలస్యం చేసినా మన వడ్డీ మాత్రం ఆగదు. "బాడుగ లేని ఇల్లు" అని మురిసిపోయి ఇట్లా అప్పు చేస్తే మునిగినట్టే.

బ్యాంకు ఇంటి అప్పులోనూ ఇట్లాంటిదే ఒకటుంది. ఇల్లు కట్టడం పూర్తయ్యేదాకా వడ్డీ మాత్రం కట్టండి అంటారు. దాన్ని ప్రీ-ఈఎంఐ అంటారు. 10 లక్షలకు 9 శాతమైతే నెలకు 7,500. రెండేళ్లకు 1,80,000 కట్టినా అసలులో రూపాయి తగ్గదు. పైగా అన్నాళ్లూ ఇప్పుడుండే ఇంటి బాడుగ వేరే. కాబట్టి వడ్డీ మాత్రమే కట్టే పద్ధతి ఏదైనా కొన్నాళ్లకు ఊపిరి పీల్చుకోవడానికే. ఆ కొన్నాళ్లలో మిగిలిన బాడుగ డబ్బు నెలనెలా పోస్టాఫీసు ఆర్డీలో వేస్తేనే ఉపయోగం. లేదంటే గడువు తీరేనాటికి ఎక్కడ మొదలుపెట్టామో అక్కడే ఉంటాం.

ఇక రెండో భయం, ఇచ్చిన డబ్బు తిరిగి రావడం. చాలామంది ఇంటాయనలు కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర తీసుకుని పాతవాళ్లకు ఇస్తారు. కొత్తవాళ్లు దొరకకపోతే పాతవాళ్ల పని అంతే. దక్షిణ కొరియాలో జోన్సే అని అచ్చం మన భోగ్యం లాంటి పద్ధతే ఉంది. అక్కడ వేలమంది డబ్బు ఇరుక్కుపోతే 2023లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

మన దగ్గర స్టాంపు కాగితం మీద 11 నెలల అగ్రిమెంట్ రాసుకుని సరిపెట్టుకుంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్వాధీన తనఖాగా రాయించి రిజిస్టర్ చేయిస్తే, డబ్బు ముట్టేదాకా ఇల్లు మన చేతిలో పెట్టుకునే హక్కు ఉంటుంది. రిజిస్టర్ కాని కాగితంతో డబ్బు కోసం దావా వేసుకోవచ్చు గానీ, ఇంటి మీద ఆ హక్కు నిలవదు. ఖర్చు తగిలినా రిజిస్ట్రేషన్ మేలు.

డబ్బిచ్చే ముందు ఇవి చూసుకోండి. సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ కావేరి పోర్టల్‌లో గానీ ఆ ఇంటి ఈసీ తీయించండి. ఒరిజినల్ పత్రాలు చూపమనండి. జిరాక్సులే చూపిస్తే ఒరిజినల్ బ్యాంకులో ఉందేమో అడగండి. ఇల్లు ముందే బ్యాంకుకు తాకట్టులో ఉంటే, కంతులు కట్టనప్పుడు బ్యాంకే ముందు వస్తుంది, మనం వెనకబడతాం. డబ్బు చేతికివ్వకుండా బ్యాంకు ద్వారానే పంపండి. పత్రం కన్నడంలో ఉంటుంది కాబట్టి, మనకు చదవడం రాకుంటే బడికి పోయే పిల్లలచేతనైనా ప్రతి మాటా చదివించుకుని తర్వాతే సంతకం పెట్టండి.

గొడవ వస్తే భయపడొద్దు. జిల్లా న్యాయ సేవల ప్రాధికారంలో ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు ఉచితంగా వకీలును పెడతారు. ఫోన్ నంబరు 15100. ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.