డిక్కీ మొండికేస్తే ముందు మోటార్‌ని తిట్టకండి

ఏడెనిమిదేళ్ల కిందట హైదరాబాద్‌లో కొత్తగా రోడ్డెక్కిన పెద్ద బండ్లు ఇప్పుడు మన జిల్లాల్లో తిరుగుతున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫార్చ్యూనర్, ఎండీవర్, లేదంటే ఏదో ఒక జర్మన్ కారు... మిర్యాలగూడ అయినా, జడ్చర్ల అయినా, పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాల్ ముందు నిలబడితే చాలు, వరసగా కనిపిస్తాయి. కొనేటప్పుడు ఇంజిన్ సౌండ్ వింటాం, టైర్లు చూస్తాం, ఏసీ వేసి చెయ్యి పెట్టి చూస్తాం. బటన్ నొక్కితే దానంతటదే లేచే డిక్కీని మాత్రం ఒక్కసారి లేపి చూసి మురిసిపోతాం. బండి పాతబడ్డాక సతాయించే వాటిలో అదొకటి.

డిక్కీయే కదా, చేత్తో ఎత్తుకుంటే పోలా అంటారా? పెద్ద ఎస్‌యూవీల డిక్కీ డోర్ అద్దంతో కలిపి పాతిక ముప్ఫై కిలోలు తేలిగ్గా తూగుతుంది. పైగా పనిచేయని మోటార్ లోపల బిగుసుకుపోతే చేత్తో లేపడం ఇంకా కష్టం. సగంలో ఆగి కిందికి జారితే తల మీదో, వేళ్ల మీదో పడుతుంది. ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీ ఎక్కించేది మనం కాదు, వంగి సర్దేది అమ్మ. ఆ సంగతి మర్చిపోవద్దు.

ఇక రెండో సంగతి బిల్లు. "రెండు మోటార్లు, కంట్రోల్ మాడ్యూల్ మార్చాలి" అన్న మాట వింటే ఆ నెల ఈఎంఐ గుర్తొస్తుంది. ఫోర్డ్ 2021లో ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి బండికైతే ఖర్చు ఒక్కటే కాదు, పార్ట్ కోసం ఎదురుచూపు కూడా. అందుకే విప్పే ముందు, మార్చే ముందు, అసలు ఏం పోయిందో తెలియాలి.

లోపల ఏముంది?

డిక్కీకి రెండు పక్కలా కడ్డీల్లాంటివి ఉంటాయి కదా, మన మెకానిక్‌లు షాకర్లు అంటారు. మామూలు కార్లలో వాటిలో ఉండేది గ్యాసే. పవర్ డిక్కీ ఉన్న చాలా బండ్లలో ఒక పక్కో, రెండు పక్కలో ఆ కడ్డీలోనే చిన్న మోటార్, పొడవాటి మర, స్ప్రింగ్ ఉంటాయి. మోటార్ తిరిగితే మర తిరుగుతుంది, కడ్డీ పొడవు పెరుగుతుంది, డిక్కీ లేస్తుంది.

మోటార్ పక్కనే హాల్ సెన్సర్ అని ఒకటుంటుంది. మోటార్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కంట్రోల్ మాడ్యూల్‌కి చెప్పడమే దాని పని. ఆ లెక్కను బట్టే డిక్కీ ఎంత ఎత్తులో ఉందో మాడ్యూల్‌కి తెలుస్తుంది. లెక్క తప్పితే "మధ్యలో ఏదో అడ్డు పడింది, చెయ్యో తలో ఉండొచ్చు" అనుకుని ఆపేస్తుంది, లేదా వెనక్కి తిప్పుతుంది. అంటే సగంలో ఆగిన డిక్కీ ప్రతిసారీ చెడిపోయినట్టు కాదు. దానికి అందిన సమాచారాన్ని బట్టి అది సరిగ్గానే నడుచుకుంటోంది. తప్పు ఆ సమాచారంలో ఉండొచ్చు.

లక్షణం రాసుకోండి

సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే ముందు అడిగేది "ఎప్పుడు వస్తోంది, ఎలా వస్తోంది" అనే. ఇక్కడా అంతే. ఫోన్‌లో వీడియో తీసుకోండి, నాలుగింటిలో ఏదో చూడండి.

ఒకటి, బటన్ నొక్కితే చప్పుడే లేదు. కరెంటు, ఫ్యూజ్, స్విచ్ వైపు చూడాలి. రెండు, లాక్ "టక్" మంటోంది గానీ డోర్ లేవట్లేదు. మోటార్ లేదా దాని తీగలు. మూడు, జానెడు లేచి ఆగుతోంది లేదా వెనక్కి వస్తోంది. హాల్ సెన్సర్ తీగ, బలం తగ్గిన స్ప్రింగ్, లేదా వీక్ బ్యాటరీ. నాలుగు, మూసుకుని మళ్లీ తెరుచుకుంటోంది. లాక్‌లో ఉండే బుల్లి స్విచ్, లేదా అంచున ఉండే రబ్బరు సెన్సర్ పట్టీ.

రూపాయి ఖర్చు లేనివి ముందు

గేర్ పార్కింగ్‌లో ఉందా? కొన్ని బండ్లలో గ్లోవ్ బాక్స్‌లోనో, స్టీరింగ్ పక్కనో, స్క్రీన్ సెట్టింగ్స్‌లోనో పవర్ డిక్కీని ఆపేసే స్విచ్ ఉంటుంది. పాత ఓనర్ ఆపి పెట్టి ఉండొచ్చు.

తర్వాత బ్యాటరీ. నాలుగైదు వందలకు దొరికే మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండా ఛార్జ్ ఉన్నట్టు. 12కి కింద ఉంటే బ్యాటరీ నీరసపడినట్టే. ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ బటన్ నొక్కండి. ఇప్పుడు చక్కగా లేస్తే మీ సమస్య డిక్కీలో లేదు, బ్యాటరీలో ఉంది.

ఆ తర్వాత ఫ్యూజ్. పోతే అదే ఆంపియర్ ఫ్యూజ్ వేయండి. పెద్దది వేయడం, లోపల తీగ చుట్టడం మాత్రం వద్దు. ఫ్యూజ్ కాలాల్సిన చోట బండి వైరింగ్ కాలుతుంది. కొత్త ఫ్యూజ్ కూడా వెంటనే పోతే ఎక్కడో తీగ బాడీకి తగులుతోందని అర్థం.

మన ఎర్ర దుమ్ము సంగతి సరేసరి. దేవరకొండ, అచ్చంపేట వైపు మట్టిరోడ్ల మీద తిరిగిన బండి లాక్‌లో దుమ్ము గ్రీజుతో కలిసి ముద్దయిపోతుంది. డిక్కీ పైకి ఉండగా లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా మూసి, మీటర్ మీద "డిక్కీ తెరిచి ఉంది" గుర్తు పోతుందో లేదో చూడండి. పోకపోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, దుమ్ము తీసి, మళ్లీ చూడండి. పని అయ్యాక బటన్‌తో ఆ లాక్ తెరవడం మరిచిపోతే డోర్ మూసినప్పుడు గట్టిగా తగిలి విరుగుతుంది, జాగ్రత్త.

అసలు గుట్టు రబ్బరు గొట్టంలో

నల్గొండ పక్కన ఉండే మా బావ బండికి సరిగ్గా ఇదే జరిగింది. నాయనమ్మకు మోకాళ్లు పనిచేయవు. వీల్‌చెయిర్ పట్టే బండి కావాలని తొమ్మిదేళ్ల పాత ఎస్‌యూవీ తీసుకున్నాడు. నెలకోసారి హైదరాబాద్ హాస్పిటల్‌కు ప్రయాణం. ఒక రోజు ఫోన్ చేసి "డిక్కీ లేస్తలేదు. మోటర్లు రెండూ పోయినయట. మాడ్యూల్ గూడ మార్చాల్నంటున్నరు" అన్నాడు. చెప్పిన ఎస్టిమేట్ ఆ బండికి వేసిన నాలుగు టైర్ల ఖర్చును దాటింది. ఈలోపు అత్తమ్మ కర్ర ఒకటి ఆనించి వీల్‌చెయిర్ ఎక్కిస్తోంది.

"బావా, నంబర్ ప్లేట్ లైట్ వెలుగుతుందా?" అని అడిగాను. వెలగట్లేదు. వెనక కెమెరా? ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. వీటికీ మోటార్‌కీ సంబంధం ఏంటి? సంబంధం ఉంది. బాడీ నుంచి డిక్కీకి వెళ్లే తీగలు పైన కీలు దగ్గర ఒక రబ్బరు గొట్టంలోంచి పోతాయి. లాక్, కెమెరా, వైపర్, నంబర్ ప్లేట్ లైట్ తీగలు అందులోనే ఉంటాయి. ఆ బండిలో మోటార్ తీగలూ అందులోంచే వెళ్తాయి.

లెక్క వేయండి. రోజుకు 5 సార్లు తెరిచినా ఏడాదికి 1,825. తొమ్మిదేళ్లకు 16 వేలు దాటుతుంది. తెరిచినప్పుడొకసారి, మూసినప్పుడొకసారి, అంటే 32 వేల సార్లు ఆ తీగలు ఒకేచోట వంగాయి. ఎండకు ప్లాస్టిక్ పూత గట్టిపడి పగులుతుంది, లోపల రాగి తెగుతుంది.

ఊళ్లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చాచా ఉన్నాడు. "మోటర్ సంగతి తర్వాత బేటా, ముందు తీగలు సూద్దాం" అని గొట్టం వెనక్కి లాగాడు. మూడు తీగలు తెగి ఉన్నాయి, రెండింటికి పూత ఊడింది. మధ్యాహ్నానికి డిక్కీ లేచింది. మాడ్యూల్, మోటార్లు, అన్నీ పాతవే.

అతికే పద్ధతి

తెగిన తీగకు ఇన్సులేషన్ టేప్ చుట్టి వదిలేస్తే మన ఎండకు అది జిగురై ఊడిపోతుంది. ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. అదే మందం, బాగా వంగే సన్నపోగుల తీగ తీసుకోవాలి. వంగే చోట అతుకు ఉండకూడదు. సోల్డరింగ్ చేసిన చోటు బిరుసవుతుంది, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. అందుకే కాస్త పొడవు తీగ వేసి, అతుకులను గొట్టానికి అటూ ఇటూ బయటికి తేవాలి. అన్ని అతుకులూ ఒకేచోట కాకుండా వెనకా ముందూ ఉండాలి. ప్రతి అతుక్కీ హీట్ ష్రింక్ ట్యూబ్. చివరికి రబ్బరు గొట్టం సరిగ్గా కూర్చోవాలి, లేదంటే వాన నీళ్లు లోపలికి పోతాయి.

బ్యాటరీ తీశారు కాబట్టి డిక్కీ తన లెక్క మరిచిపోయి ఉండొచ్చు. చాలా బండ్లలో చేత్తో పూర్తిగా మూసి, తర్వాత బటన్‌తో పూర్తిగా తెరిస్తే మళ్లీ నేర్చుకుంటుంది. మీ బండి పద్ధతి ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది.

నిజంగానే పోయినా

మోటార్లు పోవని కాదు. కడ్డీలోకి నీళ్లు దిగి తుప్పు పట్టడం ఉన్నదే. తీగలన్నీ బాగున్నాయి, మోటార్ దాకా 12 వోల్టులు వస్తున్నాయి, అయినా తిరగట్లేదు అంటే అప్పుడు మార్చాల్సిందే. ఒక పక్క గ్యాస్ షాకర్ ఉన్న బండ్లలో ఇంకో గుర్తు ఉంది. మధ్యాహ్నం ఎండలో నిలబడే డిక్కీ డిసెంబరు తెల్లవారుజామున జారుతుంటే గ్యాస్ తగ్గినట్టే, చలికి ప్రెజర్ ఇంకా పడుతుంది. షాకర్ విప్పేటప్పుడు ఇంకో మనిషి డోర్ పట్టుకోవాలి. పాత షాకర్‌ని కొయ్యడం, వెల్డింగ్ చేయడం ప్రాణాల మీదికి తెస్తుంది, లోపల ప్రెజర్ ఉంటుంది.

స్కానర్ పెట్టి "మోటార్ సర్క్యూట్" అని కోడ్ చూపిస్తే కంగారు పడకండి. కోడ్ చెప్పేది సిగ్నల్ ఎక్కడ తప్పిందనే. పోయింది మోటారా, దానిదాకా వెళ్లే తీగా అన్నది చూసి తేల్చుకోవాల్సింది మనిషే. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ పరికరాలు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, డిక్కీ సంగతి వాటికి తెలియదు.

చివరగా ఒక మాట. చాచా రెండు గంటలు వెతికాడు, వాడిన సామాను వంద రూపాయలు కూడా కాదు. ఇలాంటప్పుడు మనం "తీగ అతికినందుకు ఇంతా?" అని బేరమాడతాం. అదే వేల రూపాయల పార్ట్ మారిస్తే నోరెత్తకుండా కట్టేస్తాం. వెతికినందుకు డబ్బులు రాకపోతే ఎవరైనా ఎందుకు వెతుకుతారు? మార్చడమే సుఖం అనుకుంటారు. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు "అన్నా, ముందు ఏం పోయిందో చూడు, చూసినందుకు ఇంత ఇస్తా, మార్చే సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అనండి. డిక్కీకే కాదు, బండిలో ప్రతిదానికీ ఈ మాట పనికొస్తుంది.