పాత లారీకి కొత్త సిలిండర్: బ్రేకు భద్రత గొట్టాల కలయికలోనే

గార్డెన్ రీచ్ అనగానే చాలామంది తెలుగువారికి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం గుర్తుకొస్తుంది. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఆ రైల్వేలోనే ఉండేది. కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డునున్న ఈ ప్రాంతానికి ఇంకో ముఖం కూడా ఉంది. ఓడల తయారీ, పక్కనే ఖిదిర్‌పూర్ రేవు, సరుకు మోసే లారీలు. 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను నగరంలో తిరగనివ్వకూడదని కలకత్తా హైకోర్టు 2008లో ఆదేశించింది. అప్పుడు చర్చంతా పొగ చుట్టూనే సాగింది. బండి పాతబడితే పొగ ఒక్కటే కాదు, బ్రేకు కూడా ప్రమాదమే. దాని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటున్నాం.

భారీ లారీలు గాలి బ్రేకులతో ఆగుతాయి. చిన్న లారీల్లో ఎక్కువగా ఉండేవి ద్రవంతో పనిచేసే బ్రేకులు. వీటికి ఆధారం పాస్కల్ సూత్రం: మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా చేరుతుంది. మాస్టర్ సిలిండర్‌లో 5 చదరపు సెంటీమీటర్ల పిస్టన్‌ను 250 కిలోల బలంతో నెడితే, ప్రతి చదరపు సెంటీమీటరుపై 50 కిలోల ఒత్తిడి పడుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది దాదాపు 25 రెట్లు. ఇంత ఒత్తిడినీ ఆపేది గొట్టం చివర గరాటులా విప్పిన సన్నని అంచు, దాన్ని బిగించే ఒక నట్టు. అందుకే ఆ అంచు ఆకారం, నట్టు మరలు కొత్త సిలిండర్‌కు అచ్చంగా సరిపోవాలి. సరిపోకపోతే టేపు చుట్టి బిగించడం పరిష్కారం కాదు.

అసలు చిక్కు మరొకటి. పాతకాలపు సిలిండర్‌లో ఒకే గది, అన్ని చక్రాలకూ ఒకే దారి. ఎక్కడ కారినా మొత్తం బ్రేకు పోతుంది. తర్వాత వచ్చిన జంట సిలిండర్‌లో రెండు గదులు, రెండు దారులు. ముందు చక్రాల గొట్టం ఒకదానికి, వెనుక చక్రాల గొట్టం రెండోదానికి కలిపితే, ఒకటి తెగినా రెండోది బండిని ఆపుతుంది. కానీ గొట్టాలను విడదీయడానికి సమయం, డబ్బు కావాలి. ఆ ఖర్చు మిగిల్చుకోవాలని ఒక దారిని బోల్టుతో మూసి, పాత గొట్టాన్ని రెండో దారికి తగిలిస్తే? భాగం కొత్తదే, భద్రత మాత్రం పాతదే.

ఆ బండి మామూలుగా ఆగుతుంది కూడా. ఎనిమిదేళ్లు దాటిన వాణిజ్య వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. రోలర్ యంత్రం ఆ రోజు చక్రాలకు అందిన బ్రేకు బలాన్ని కొలుస్తుంది. ఒక గొట్టం తెగితే ఏం మిగులుతుందో అది చెప్పదు. గొట్టాల అమరికను కళ్లతో చూసి నమోదు చేయడం కూడా ఆ పరీక్షలో తప్పనిసరి కావాలన్నది నా అభిప్రాయం.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడుతుంది. రేవు పట్టణాల తేమలో ఇది చిన్న విషయం కాదు. సిలిండర్ మార్చిన రోజే కొత్త ద్రవం పోసి, గాలి పూర్తిగా తీసేయాలి.

తప్పంతా మెకానిక్‌ది అనడం తేలిక. సరైన పనిముట్టు, సరిపడా కూలీ, ఆ రెండు దారులు ఎందుకున్నాయో చెప్పే శిక్షణ అతనికి అందాయా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. పాస్కల్ సూత్రం పాఠ్యపుస్తకం దాటి రోడ్డు పక్క షెడ్డుకు కూడా చేరాలి.