గిఫ్టు: దానమా, విషమా?

శుభకార్యాలలో తెలుగువారి నోట అలవోకగా వినిపించే మాట "గిఫ్టు". ఆంగ్లంలో దానికి కానుక అని అర్థం. అదే అక్షరక్రమం జర్మన్ భాషలో విషానికి వాచకం. స్వీడిష్, డేనిష్, నార్వేజియన్ భాషలలో విషమనే గాక, వివాహమైనవారు అనే అర్థం కూడా దానికి ఉంది.

దీనిని పరిహాసవస్తువుగా చెప్పుకొనేవారే అధికం. విచారిస్తే ఈ మూడర్థాలూ "ఇచ్చుట" అనే ఒకే క్రియ నుండి పుట్టినవి. కన్యను ఇచ్చుట వల్ల వివాహార్థం వచ్చింది. కన్యాదాన శబ్దంలోని భావమే అది. జర్మన్‌లో కట్నానికి "మిట్‌గిఫ్ట్" అని పేరు, అందులో విషార్థం లేదు. విషార్థానికి త్రోవ చూపినది వైద్యం. గ్రీకులో "దోసిస్" అనగా ఇచ్చుట. వైద్యుడిచ్చే మందు మోతాదుకూ అదే పేరైంది. నేటి "డోసు" అదే. దానిని అనుసరించి జర్మనులు తమ "గిఫ్ట్" శబ్దాన్ని మందుకు వాడారు. కాలక్రమాన ఇచ్చిన మందు కాస్తా ఇచ్చిన విషమైంది.

దోసిస్ సంస్కృత "దా" ధాతువుకు సోదరమే. గిఫ్టు కాదు. కనబడిన ప్రతి శబ్దాన్నీ సంస్కృతంలోకి ఈడ్చే ఉత్సాహం ధర్మానికి ఏమాత్రం ఉపకరించదు.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1924లో ఈ ద్వ్యర్థం మీదనే ఒక వ్యాసం వ్రాశాడు. దానాన్ని గురించిన తన ప్రసిద్ధ రచనలో మహాభారత అనుశాసన పర్వాన్ని పరిశీలించాడు. అది సముచితమే. ఇచ్చినదానిలో విషం ఉండవచ్చునని ధర్మశాస్త్రాలకు తెలుసు.

నేటి ప్రవచనాలు దాతను కీర్తిస్తాయి, ప్రతిగ్రహీత ఊసెత్తవు. మనుస్మృతి చతుర్థాధ్యాయం దృష్టి అతని మీదనే ఉంది. అర్హుడైనా ప్రతిగ్రహంలో ఆసక్తి పెంచుకొంటే బ్రహ్మతేజస్సు నశిస్తుందనీ, విద్యలేనివాడు సువర్ణాన్నో భూమినో గ్రహిస్తే కట్టెవలె భస్మమవుతాడనీ హెచ్చరించింది. ప్రత్యుపకారం కోరి ఇచ్చినది రాజసమని గీత పదునేడవ అధ్యాయం.

హారతి పళ్ళెంలో పెద్ద నోటు వేసి ప్రత్యేక దర్శనం ఆశించే భక్తుడు, ఆ నోటును చూసి గోత్రనామాలను దీర్ఘంగా పలికే అర్చకుడు: వీరి మధ్య చేతులు మారినదానికి జర్మన్ అర్థమే సరిపోతుంది.

విరుగుడూ ఆ స్మృతిలోనే, ఏకాదశాధ్యాయంలో ఉంది. అసత్ప్రతిగ్రహానికి ప్రాయశ్చిత్తం 3000 గాయత్రీజపం, నెల దినాలు గోశాలలో పాలు మాత్రమే ఆహారం. దాతల పేర్లు చలువరాతి మీద చెక్కించే ఆలయాలలో ఈ మాట పలికేవారు అరుదు.