గడప ఎత్తెంత?

తెలుగు స్త్రీవాద సాహిత్యం ఇష్టపడి వాడుకున్న మాటల్లో 'గడప' ఒకటి. గడప దాటిన స్త్రీ, గడపలోపలే మిగిలిపోయిన స్త్రీ, గడపకి పసుపు రాసి రాసి అరిగిపోయిన చేతులు... ఎన్ని కవితల్లో, ఎన్ని కథల్లో వచ్చాయో లెక్క లేదు. ఆ సాహిత్యం మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని కాబట్టి కొంత ధైర్యంగానే అంటున్నాను. నేను చదివినంతలో ఎవరూ గడప ఎత్తెంతో చెప్పలేదు. అమ్మా నేనూ అద్దెకుంటున్న ఇంట్లో వీధి గడప మూడంగుళాలు. బాత్‌రూం గడప రెండంగుళాలు. వంటింటికీ వెనక వరండాకీ మధ్య నాలుగంగుళాల మెట్టు. గడప దాటడం నాకు ప్రతీక కాదు. రోజుకి పదిహేనుసార్లు చెయ్యాల్సిన పని.

నాకున్నది లింబ్ గర్డిల్ మస్క్యులర్ డిస్ట్రోఫీ. తుంటి చుట్టూ, భుజాల చుట్టూ ఉండే కండరాలు క్రమంగా బలం కోల్పోయే జబ్బు. జన్యువుల వల్ల వస్తుంది. స్పర్శ పోదు, ఆలోచన పోదు. నేలమీద కూచుంటే లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం, చెయ్యి తలపైకి ఎత్తలేకపోవడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 26వ ఏట మొదలైంది. ఇప్పుడు నాకు 37. నాకున్న రకాన్ని నయం చేసే మందు లేదు. అందుకని ఇక్కడ వైద్యం గురించి కాదు, ఇంటి గురించి మాట్లాడతాను.

ఆడపిల్లకి ఊహ తెలిసినప్పట్నుంచీ మనవాళ్ళు నూరిపోసే మాట 'సర్దుకుపోవడం'. అత్తగారి నోటితో, మొగుడి కోపంతో, చాలీచాలని జీతంతో సర్దుకుపొమ్మంటారు. ఆ మాటని మనం దశాబ్దాలుగా చీల్చి చెండాడుతున్నాం. కానీ స్త్రీకి వైకల్యం వచ్చేసరికి అదే మాట ఓర్పు, ఆత్మస్థైర్యం, విల్ పవర్ అని పేర్లు మార్చుకుని తిరిగొస్తుంది. అప్పుడు మనమూ తలూపుతున్నాం. "ఎంత ధైర్యంగా నెట్టుకొస్తోందో!" అని మెచ్చుకుంటున్నాం. నేను చెప్పదల్చుకున్నది ఇదీ: సర్దుకోవలసింది ఇల్లు. ఇల్లు ఎందుకు సర్దుకోదని అడిగితే జవాబులు శరీరంలో దొరకవు. ఆస్తిలో దొరుకుతాయి, చాకిరీలో దొరుకుతాయి. కాబట్టి అది సంక్షేమ శాఖకి వదిలెయ్యాల్సిన ప్రశ్న కాదు, మన ప్రశ్న.

మన రచయిత్రులు ఇంటిని పట్టించుకోలేదని అనను. విమల 'వంటిల్లు' చదివాక వంటిల్లు మునుపటిలా కనిపించడం మానేసింది. ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరాన్ని చర్చలోకి తెచ్చాయి. ఆ పనులు జరక్కపోతే ఈ వ్యాసం రాయడానికి నాకు భాషే ఉండేది కాదు. అయితే వంటింట్లో చాకిరీ ఎవరిదని అడిగిన మనం, వంటగట్టు ఎవరి ఎత్తుకి కట్టారని అడగలేదు. మన చర్చల్లోకి వచ్చిన శరీరానికి కోరికలున్నాయి, గర్భాలున్నాయి, దెబ్బలున్నాయి, అలసట ఉంది. కానీ అది నిలబడగలిగే శరీరం. అలిసినా కాస్త నడుం వాలిస్తే మళ్ళీ లేచే శరీరం. లేవలేని శరీరం కథలో కనిపిస్తే దాని పని వేరు. మంచంలో ఉన్న అత్తగారు కోడలి కష్టానికి సాక్ష్యం. చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయి ఇంకొకరి త్యాగానికి సందర్భం. భారతీయ స్త్రీవాదం తన ఎజెండాలోంచి వికలాంగ స్త్రీలని మినహాయించిందని అనితా ఘాయ్ 2002లోనే 'హైపేషియా' పత్రికలో రాసింది. ఇరవయ్యేళ్ళు దాటాయి. దళిత స్త్రీలూ ముస్లిం స్త్రీలూ నిలదీసినప్పుడు తెలుగు స్త్రీవాదం ఎంతో కొంత జవాబు చెప్పుకోవాల్సొచ్చింది. ఈ ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నామనైనా ఇంకా అనుకోలేదు.

ఒక సాహిత్య సమావేశంలో ఒక మిత్రురాలు నన్నడిగింది: "ఇల్లే జైలని మేమంటుంటే నువ్వు జైలుకి ర్యాంపు కట్టమంటావేమిటి?" నవ్వుతూ అడిగినా అడగదగ్గ ప్రశ్నే. జైల్లోంచి బయటపడాలన్నా ముందు లేవాలి, స్నానం చెయ్యాలి, బట్టలు కట్టుకోవాలి. మార్పులు చెయ్యని ఇంట్లో ఈ మూడింటికీ నాకు రెండున్నర గంటలు పట్టేది. ఆ రోజుకున్న బలమంతా బాత్‌రూంలోనే అయిపోయేది. ఇక లైబ్రరీకి వెళ్ళేదేది? ఇల్లు మారితే తప్ప ఇల్లు వదిలి బయటికి రాలేని స్త్రీలు కూడా ఉన్నారు. ఆ సంగతి లెక్కలోకి రానంతవరకూ మన విముక్తి కాళ్ళున్నవాళ్ళకే.

నేను చేసిన మార్పులు పెద్ద ఖర్చువి కావు. మంచం కోళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టి ఆరంగుళాలు ఎత్తించాను. ఎత్తులోంచి లేవడం తేలిక. కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు పెట్టించాను. బకెట్టూ చెంబూ పోయి చేతి షవరూ ప్లాస్టిక్ కుర్చీ వచ్చాయి. రోజూ వాడే గిన్నెలన్నీ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉన్న ఒకే అరలోకి చేరాయి. కూచుని వండుకోవడానికి కాళ్ళు పట్టేలా ఒక తక్కువ ఎత్తు బల్ల, దానిమీద ఇండక్షన్ పొయ్యి. చేతులు వెనక్కి వెళ్ళవు కాబట్టి జడ కత్తిరించేసుకున్నాను. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఇవన్నీ గోడని ముట్టుకోని మార్పులు. గోడ దగ్గరకొచ్చేసరికి కథ వేరు. బాత్‌రూంలో పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ బిగించుకుంటానంటే ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. టైల్స్ పగులుతాయన్నాడు. ఖాళీ చేసేటప్పుడు కొత్తవి వేయించి పోతానన్నా వినలేదు. అంతకుముందు అత్తవారింట్లోనూ ఇదే. మా గది మేడమీద. నా జబ్బు పేరు తెలిశాక కింద గదిలోకి మారతామన్నాను. అది అద్దె వచ్చే గది. "నెలకి అంత అద్దె ఎవరు వదులుకుంటారు? మెల్లగా ఎక్కు" అన్నారు. రెండేళ్ళు మెల్లగా ఎక్కాను. తర్వాత పుట్టింటికి పంపేశారు.

మా బంధువుల్లోనే ఇంకో ఇల్లుంది. పెదనాన్నకి పక్షవాతం వస్తే నెల తిరక్కుండా బాత్‌రూం పగలగొట్టి పాశ్చాత్య పద్ధతిలో కట్టించారు. అంతకు పదేళ్ళముందే దొడ్డమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. గోడ పట్టుకుని, కిటికీ ఊచ పట్టుకుని ఆ పదేళ్ళూ ఆవిడ కింద కూచునే లేచింది. ఇల్లు ఆయన పేర ఉంది. మోకాళ్ళ అరుగుదల, కీళ్ళవాతం మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువని వైద్యశాస్త్రం చెప్తోంది. కాబట్టి అరుదైన జబ్బున్న నాలాంటి కొద్దిమంది గోల అని దీన్ని తోసెయ్యడానికి వీల్లేదు. మన అమ్మలూ అత్తలూ ఏ ఊచ పట్టుకుని లేస్తున్నారో మనలో ఎంతమంది చూశారు?

గోడకి రంధ్రం చేసే హక్కు ఆస్తి హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో హిందూ కుటుంబాల్లో కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. అయినా పెళ్ళి ఖర్చులూ కట్నమూ లెక్కచెప్పి, అన్నదమ్ములకి అనుకూలంగా కూతుళ్ళచేత సంతకాలు పెట్టించుకోవడం మనకి తెలియనిది కాదు. 2005 గృహహింస చట్టం స్త్రీకి తాను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. గొప్ప హక్కే. కానీ అది ఉండే హక్కు. ఆ ఇంటి తలుపు వెడల్పు చేయించుకునే హక్కు కాదు. రాయాలంటే స్త్రీకి తనకంటూ ఒక గదీ, ఏడాదికి 500 పౌండ్లూ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగింది. ఆ గది తలుపు ఎంత వెడల్పు ఉండాలో ఆవిడకి చెప్పాల్సిన అవసరం రాలేదు. చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా పట్టాలంటే 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉండాలి. మా బాత్‌రూం తలుపు రెండడుగుల మూడంగుళాలు. పత్రికలవాళ్ళు 'చక్రాల కుర్చీకే పరిమితమైన మహిళ' అని రాస్తుంటారు. కుర్చీ ఎవర్నీ పరిమితం చెయ్యదు. ఆ తొమ్మిదంగుళాల తేడా చేస్తుంది.

ఇక చాకిరీ. ఇల్లు మారకపోతే ఆ లోటు పూడ్చేది ఇంకో ఆడమనిషి నడుము. నన్ను కుర్చీలోంచి లేపేది అమ్మ. ఆమెకి 64 ఏళ్ళు. అమ్మకి చేతకాని రోజున ఇంటిపనికొచ్చే ఆమె లేపుతుంది. గిన్నెలు తోమడానికి మాట్లాడుకున్న జీతంలో నన్ను లేపడం లేదు. ఆమె నడుము నొప్పికి ఏ సర్టిఫికెట్టూ లేదు. నా స్వేచ్ఛ ఇంకో స్త్రీ వెన్నెముక అరగదీసి సంపాదించుకున్నదైతే దాన్ని నేను స్వేచ్ఛ అనలేను. సాయం లేకుండా బతకడమే స్వాతంత్ర్యమని మనలో చాలామందికి ఒక నమ్మకం. నాకు సాయం కావాలి, ఇంకా ఎక్కువ కావాల్సొస్తుంది. దానికి సరైన కూలి, ఎత్తకుండా జరిపే సాధనాలు, మంచానికీ కుర్చీకీ ఒకే ఎత్తు ఉండాలంటున్నాను. కడ్డీ బిగిస్తే నేను లేస్తాను, ఆమె నడుమూ నిలుస్తుంది. సేవని స్త్రీ సహజగుణంగా పొగిడే సమాజానికి కడ్డీ కంటే కూతురూ కోడలూ పనిమనిషీ చౌక. అందుకే కడ్డీ బిగించదు.

క్రమంగా పెరిగే వైకల్యంలో ఇంకో చిక్కుంది. చేసిన ప్రతి మార్పుకీ కాలపరిమితి ఉంటుంది. నిలబడేవాళ్ళ ఎత్తుకి బిగించిన కడ్డీ కూచునే రోజుకి పనికిరాదు. కాబట్టి రాబోయే దశకి ఇల్లు ముందే సిద్ధం కావాలి. కానీ నడవగలుగుతుండగానే చక్రాల కుర్చీ కొంటానంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. "ఇప్పట్నుంచీ ఎందుకు, అశుభం" అంటారు. చివరి అడుగు దాకా నడిచి పడిపోతే పోరాటం అంటారట, ముందుగా కూచుంటే ఓటమి అంటారట! నేను లెక్క వేరేగా వేసుకుంటాను. ఇంట్లో నడకకి ఖర్చయ్యే బలం మిగిలితే ఆ పూట రెండు పేజీలు రాయగలను. రెండు పేజీలు కావాలో, వరండా దాకా నడవడం కావాలో తేల్చుకోవాల్సింది నేను. శరీరం మీద నిర్ణయం స్త్రీదేనన్న మన నినాదానికి ఇక్కడ కూడా అర్థముండాలి.

ప్రభుత్వం మాటకొస్తే, 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి. 2016 చట్టం వాటిని 21కి పెంచి మస్క్యులర్ డిస్ట్రోఫీని, మల్టిపుల్ స్క్లిరోసిస్‌ని, పార్కిన్సన్స్‌ని పేరు పెట్టి చేర్చింది. ఆ చట్టం 5వ సెక్షన్ సమాజంలో అందరితోపాటు బతికే హక్కుని చెప్పింది, ఇంటి దగ్గర వ్యక్తిగత సహాయం అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలంది. అందుబాటు ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరిగా పాటించాల్సినవి ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. ఇవన్నీ ఆఫీసులకీ స్టేషన్లకీ ఆస్పత్రులకీ వర్తిస్తాయి. ఇంటి గుమ్మం దగ్గరకొచ్చి ఆగిపోతాయి, ఒకప్పుడు భార్యని కొట్టడం 'ఇంటి విషయం' అని చట్టం ఆగిపోయినట్టే. పింఛన్‌ని తెలంగాణ 2023లో 4,016 రూపాయలు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 చేసింది, మంచంలోనో చక్రాల కుర్చీలోనో ఉన్నవాళ్ళకి 15,000 చేసింది. ఇవి అక్కర్లేదనను, చాలా ఇళ్ళు వాటిమీదే నడుస్తున్నాయి. కానీ ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందో, ఏ గోడ మీద ఖర్చవుతుందో మళ్ళీ ఇంటి అధికారమే తేలుస్తుంది. వేదిక మీద చక్రాల కుర్చీ ఇచ్చి ఫొటో దిగే నాయకుడు ఇంటి తలుపెంతని అడగడు. 2015 డిసెంబరులో ప్రధాని 'దివ్యాంగులు' అందామన్నారు. పేరు మారింది, మా గడపలు అలాగే ఉన్నాయి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి అడుగుదాం. అద్దె ఇంట్లో సొంత ఖర్చుతో మార్పులు చేసుకునే హక్కు, ఇల్లు మార్చుకోవడానికి స్త్రీ పేర ఇచ్చే గ్రాంటు, సాయం చేసేవాళ్ళకి కనీస వేతనం. వాటితోపాటు మన చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. పుట్టింటి వాటా వదులుకునే సంతకం పెట్టేముందు ఏ స్త్రీ అయినా తన అరవయ్యో ఏటి మోకాళ్ళని తల్చుకోవాలి. కథలో మంచం పట్టిన స్త్రీని చూపించే రచయిత్రి ఆ మంచం ఎత్తూ, ఆ స్త్రీ మనసూ రెండూ రాయాలి. విమర్శకులు వాటిని అడగాలి. గత ఆరేళ్ళలో నన్ను పిలిచిన స్త్రీల సాహిత్య సభల్లో నాలుగు లిఫ్టు లేని మొదటి అంతస్తులో జరిగాయి. ప్రతిసారీ నిర్వాహకులు ఎంతో ప్రేమగా "నలుగురం ఎత్తుకుని తీసుకెళ్తాం" అన్నారు. ఎత్తుకోవద్దు. వచ్చే సభ కరపత్రం అచ్చుకిచ్చేముందు హాలుకి వెళ్ళి మెట్లెన్నో లెక్కపెట్టండి. ఉంటే హాలు మార్చండి.