లెక్కలోకి రాని మైళ్ళు



పద్యమో, పదచర్చో ఉంటుందని ఇటు వచ్చినవారు మన్నించాలి. ఈసారి విషయం సైకిలు. నడుమ ఒకటి రెండు మాటల వ్యుత్పత్తి దొర్లకపోదు. పాత అలవాటు, పోదు.

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు కిందటి నెల మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడంటున్నాను గాని ముప్పై అయిదేళ్ళవాడు. తాడేపల్లిలో కాపురం, గవర్నరుపేటలో ఉద్యోగం. పరుగు పందాలకు వెళ్తాడు, గెలవడు. గెలవలేదన్న బెంగ కూడా ఉన్నట్లు లేదు. ఇలాంటివారినే ఇంగ్లీషులో అమెచ్యూర్ అంటారు. లాటిన్‌లో ప్రేమించేవాడు అనే అర్థమున్న మాట నుంచి అది పుట్టింది. మనం ఔత్సాహికుడు అంటున్నాం. మూలంలో ఉన్న ప్రేమ మన మాటలోకి వచ్చేసరికి ఉత్సాహంగా పలుచబడింది.

వాడు తన వారం వారం సాధనను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాడు. అదీ తెలుగులో. మాస్టారికి చూపించాలని తెచ్చాడు. సోమవారం విశ్రాంతి. మంగళవారం ఉదయం కరకట్ట మీద ఎనిమిది కిలోమీటర్ల పరుగు. గురువారం ఆరు, ఆగి ఆగి వేగంగా. శనివారం కొండపల్లి అడవి అంచున ఓరియంటీరింగ్ సాధన, ఐదు. ఆదివారం తీరికగా పదహారు. మొత్తం ముప్పై అయిదు. విశ్రాంతి అనే మాటలో శకారం బదులు సకారం రాశాడు. పెన్సిలుతో దిద్దాను, నవ్వాడు.

పేజీ కుడి అంచున, చిన్న అక్షరాలతో, అయిదు రోజులకూ ఎదురుగా "సై. 13" అని ఉంది. ఏమిటిదని అడిగాను.

"అది ఆఫీసుకు వెళ్ళి రావటమండి మాస్టారూ. సైకిలు మీద వెళ్తాను. లెక్కలోకి రాదు. మావాళ్ళు వాటిని జంక్ మైల్స్ అంటారు."

"అంటే?"

"చెత్త మైళ్ళండి."

వాడి తప్పేమీ లేదు. వాడు బడికి వచ్చేనాటికి నేను మోపెడ్ మీద తిరుగుతున్నాను. అంతకుముందు సంగతి వాడికి తెలియదు. 1984లో ఉద్యోగంలో చేరింది మొదలు 2002 దాకా నేను పటమట నుంచి పెనమలూరు అవతల ఉన్న బడికి సైకిలు మీదే వెళ్ళాను. పోను పదకొండు, రాను పదకొండు. ఏడాదికి రెండు వందల ఇరవై పనిదినాలు వేసుకుంటే 4,840 కిలోమీటర్లు. పద్దెనిమిదేళ్ళకు 87,120. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లని సాంఘికశాస్త్రం మాస్టారు పిల్లలచేత వల్లెవేయించేవారు. ఆ లెక్కన భూమిని రెండు చుట్లు చుట్టి మూడో చుట్టులో అడుగుపెట్టాను. అదంతా చెత్త అని తెలిసేసరికి, నిజం చెప్పొద్దూ, కాస్త చివుక్కుమంది.

వాడిచేతనే వివరంగా చెప్పించుకున్నాను. శరీరానికి అలవాటైన శ్రమ వల్ల వేగం పెరగదట. గుండె వేగం ఒక హద్దు దాటాలి, కండ అలసిపోవాలి, ఆ తరువాత విశ్రాంతిలో అది మునుపటికన్నా బలపడాలి. రోజూ ఒకే దారిలో, ఒకే వేగంతో, టిఫిను క్యారేజీ తగిలించుకొని సైకిలు తొక్కితే ఆ పని జరగదు. పందెం దృష్టితో చూస్తే వాడి లెక్క సరైనదే, ఒప్పుకున్నాను. మరి ఓరియంటీరింగ్ ఎందుకు లెక్కలోకి వచ్చిందని అడిగితే వాడి ముఖం వెలిగింది. అరగంట చెప్పాడు.

మీలో తెలియనివారి కోసం సంగ్రహంగా చెబుతాను. ఒక పటం, ఒక దిక్సూచి చేతికిస్తారు. పటం మీద త్రికోణం ఉన్నచోట బయలుదేరాలి. వరుస అంకెలు వేసిన సున్నాలు ఎక్కడెక్కడున్నాయో అక్కడికి అదే క్రమంలో వెళ్ళి, నారింజ, తెలుపు రంగుల గుడ్డ కట్టిన గుర్తును కనిపెట్టి, వచ్చినట్లు ముద్ర వేసుకోవాలి. రెండు సున్నాలు ఒకదానిలో ఒకటి ఉన్నచోట ఆట ముగుస్తుంది. మధ్యలో దారి ఎవరూ చెప్పరు. గుట్ట ఎక్కి దిగుతావో, చుట్టూ తిరిగి వెళ్తావో నీ ఇష్టం. స్వీడనులో సైనికుల అభ్యాసంగా పుట్టిన దీన్ని 1919లో ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అనే ఆయన స్టాక్‌హోం దగ్గర పెద్ద పోటీగా నడిపాక అది ప్రజల ఆట అయింది. మావాడికి కాలేజీలో ఎన్.సి.సి. మ్యాప్ రీడింగ్ పాఠాలతో అంటుకుందట. ఆ పటాల్లో ఒక వింత ఉంది. తెల్లగా ఉన్నది పరుగెత్తటానికి వీలైన అడవి, పసుపు బయలు, చిక్కని ఆకుపచ్చ అంటే చొరరాని పొద. ఆకుపచ్చను చూస్తే తప్పుకొని పొమ్మని అర్థం!

దీనికి తెలుగుమాట ఏమిటని వాడు అడిగాడు. దిక్కుల పరుగు అందామంటే, దిక్కులు చూడటానికి మన భాషలో వేరే అర్థం ఉంది. ఓరియంట్ అంటే లాటిన్‌లో ఉదయించేది, అంటే తూర్పు. మనవారి దిక్కులూ తూర్పు నుంచే మొదలయ్యాయి. తూర్పుముఖంగా నిలబడితే ముందున్నది పూర్వం, వెనుకనున్నది పశ్చిమం, కుడిచేతివైపు దక్షిణం. దక్షిణమంటే కుడి అనే అర్థమూ ఉంది కదా. మాట మాత్రం కుదరలేదు. జాడపరుగు అని తాత్కాలికంగా పెట్టుకున్నాను. మెరుగైనది తోస్తే మిత్రులు చెప్పండి.

వాడు చెబుతున్నంతసేపూ నాకు మా బడి దారి కళ్ళముందు కదిలింది. బెజవాడ దాటి దిగువకు వెళ్తే కొండ అన్నది కనబడదు. అంతా బల్లపరుపు. ఇక్కడ ఎత్తుపల్లాలు తెలిపేది నీరొక్కటే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత సాగిన కాలవలే ఈ నేలకు పటంలోని గీతలు. కొత్త ఊరికి దారి అడిగితే తూర్పు, పడమర అని చెప్పేవారు తక్కువ. "లాకుల దగ్గర గట్టెక్కి, కాలవ వారనే పోయి, రెండో తూము దగ్గర డొంకలోకి తిరగండి" అనేవారు. సున్నాలు, వరుస అంకెలు అన్నీ అందులోనే ఉన్నాయి. సంక్రాంతి ముందు పొగమంచులో ముందు చక్రం కూడా కనబడని రోజుల్లో లాకుల దగ్గర నీటి హోరు విని దిగి, సైకిలు నడిపించుకుంటూ పోయేవాణ్ణి. గడ్డివామి, తాటిచెట్టు, చర్చి శిఖరం, ఇవే మా గుర్తులు. పాలవాడు, కల్లుగీత కార్మికుడు, పోస్టుమాను, బడిపంతులు అందరం ఆ ఆట ఆడినవారమే. పతకాలివ్వలేదు, అంతే.

నా అభిప్రాయం చెబుతాను. దారి కనుక్కోవటం, ఒంటి బలంతో దూరం దాటటం ఒకప్పుడు బ్రతుకుతెరువు. ఇప్పుడవి ఆట అయ్యాయి. అయితే అయ్యాయి, మంచిదే. ఆట మిగలటం కూడా ఒక అదృష్టం. నాకు నచ్చనిది మరొకటి. ఆటగా చేసేవాడికి ఉన్న మర్యాద పనికోసం చేసేవాడికి లేకుండాపోయింది. ఉదయం ఆరున్నరకు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూడండి. భారీ వాహనాలను రానివ్వరు గనుక అక్కడ ఇంకా సైకిళ్ళు కనబడతాయి. సీతానగరం వైపు నుంచి వచ్చేవారికి ఎడమచేతివైపు నిండు నీరు, కుడిచేతివైపు ఇసుక మీద సూర్యోదయం, ఎదురుగా ఇంద్రకీలాద్రి. ఆ పన్నెండు వందల మీటర్లలో తాపీ పనివారు, పూలు తెచ్చేవారు, కాపలా ఉద్యోగం ముగించి ఇంటికి పోయేవారు వస్తారు. హ్యాండిలుకు అన్నం సంచి, క్యారియరుకు తాపీ, మట్టపు పలక. వీరి మైళ్ళను ఏ నోటుపుస్తకమూ ఎక్కించుకోదు. బ్యారేజీ దిగి బందరు రోడ్డు చేరేసరికి వీరు మనుషులు కూడా కారు, అడ్డం.

ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిలు దినోత్సవంగా ప్రకటించింది. సాహిబాబాదులోని అట్లాస్ సైకిళ్ళ కర్మాగారం 2020లో సరిగ్గా ఆ రోజునే పని ఆపింది. నా పాత సైకిలు అట్లాసే, అందుకే ఆ వార్త గుర్తుండిపోయింది. సైకిలు పండుగ నాడు జెండా ఊపి, రంగు చొక్కాలు వేసుకున్నవారికోసం రోడ్డు ఆపుతారు. మర్నాడు అదే రోడ్డు మీద తాపీ పనివాడు వస్తే వెనుకనుంచి హారను మోగిస్తారు. ఆదివారం తొక్కేవారిని ఆక్షేపించటం నా ఉద్దేశం కాదు. వారికి చదువుంది, పలుకుబడి ఉంది, అధికారులతో మాట్లాడగల నోరుంది. ఆ నోటితో సోమవారం తొక్కేవాడికోసం ఒక మాట అడిగితే బాగుంటుందంటాను. రాజ్యసభ సభ్యుడై ఉండి పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. తరువాత మా గన్నవరానికి శాసనసభ్యులయ్యారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ సైకిలును గౌరవంగా తలచుకుంటారు. దారిలో కనిపించే సైకిలు మాత్రం పేదరికానికి గుర్తు.

ఏమడగాలి? కాలవగట్టు అడగమంటాను. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ నగరం నడుమనుంచే పోతున్నాయి. ఈ కాలవల మీద పడవలు నడిచిన రోజుల్లో గాలి లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంటే ఆ గట్టు మొదటినుంచీ కాళ్ళతో కష్టపడేవాడి దారి. నాలుగడుగుల బాట, రాత్రిపూట దీపం, ఎండకు చెట్టు. మన నేలకు ఎత్తుపల్లాలు లేవు, ఇంతకన్నా సైకిలుకు అనువైన దేశం ఎక్కడుంటుంది?

ఇంత సులువుగా చెప్పేసి ఊరుకోవటం న్యాయం కాదు. నగరంలో గట్టు చాలా మేరకు ఇళ్ళతో నిండి ఉంది. ఆ ఇళ్ళలో ఉండేది మరెవరో కాదు, బ్యారేజీ మీద నేను చూసిన ఆ సైకిళ్ళవారే. వారిని లేపేసి సైకిలు బాట వేస్తే, ఆ బాట మీద తొక్కటానికి ఆదివారంవారే మిగులుతారు. అందుచేత గట్టు ఖాళీగా ఉన్నచోట గట్టు మీద, లేనిచోట రోడ్డు అంచున. రోడ్డు అంచున కార్లు నిలబెట్టుకోవటానికి చోటు దొరుకుతోంది కదా, దానిలోంచే తీయాలి. కార్లున్నవారికి కోపం రావచ్చు. మా అబ్బాయికే వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అదే సమయంలో బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు డెబ్బై గేట్లగుండా పోయింది. నీరు తీశాక మా బంధువుల ఇంటికి వెళ్ళాను. రెండు మోటారుసైకిళ్ళు ఇంజన్లలో బురదతో పడి ఉన్నాయి. మెకానిక్కు దగ్గర వరుస చాంతాడంత. మెట్లకింద పడేసిన పాత సైకిలును కడిగి, చైనుకు నూనె వేసి, గాలి కొడితే కదిలింది. మందులూ పాలూ దాని మీదే తెచ్చుకున్నారు.

నేనెందుకు మానేశానో చెప్పలేదు. 2002లో ఒక సాయంత్రం బడినుంచి వస్తుంటే కల్వర్టు దగ్గర లారీ ఒకటి రాసుకుంటూ పోయింది. ఎడమచేయి విరిగింది. ఆ నెలలోనే మోపెడ్ కొన్నాను. సైకిలు తొక్కటం చేతగాక కాదు, వెనుకనుంచి వచ్చే చప్పుడుకు భయపడి. ఆ భయంతోనే ఇప్పటికీ రోజూ తొక్కుతున్నవారున్నారు. వారికి మోపెడ్ కొనే జీతం లేదు.

మావాడు వెళ్ళిన మర్నాడు అటకమీదినుంచి అట్లాసును దింపించాను. ఇరవై ఎనిమిది అంగుళాల టైరు దొరకటానికి మూడు దుకాణాలు తిరిగాడు మెకానిక్కు. "ఈ వయసులో ఎందుకండీ?" అని ఇంట్లో అన్నారు. పటమట రైతుబజారుకు, తిరిగి ఇంటికి, మొత్తం మూడు కిలోమీటర్లు. మోకాలు ఒకటి కలుక్కుమంటోంది. రోడ్డు దాటేచోట దిగి నడిపించాను.

కిందటి ఆదివారం పదహారు పరుగెత్తి, చెమటతోనే వాడు మళ్ళీ వచ్చాడు. పుస్తకం తెరిచి చూపించాడు. సైకిలు అంకెలు అంచునుంచి వరుసలోకి వచ్చాయి. ఆ వారం మొత్తం నూరు. విశ్రాంతి సరిగ్గానే రాశాడు.

"మీ మూడు కిలోమీటర్లు ఎక్కడ వేయమంటారు మాస్టారూ?" అన్నాడు.

కూరగాయల ఖాతాలో వేయమన్నాను.