పరలోకమునకు సిద్ధపడుట యెట్లు?

తెలుగు క్రైస్తవ సంఘములలో ‘సిద్ధపాటు’ అను మాటకున్నంత ప్రచారము మఱి యే కొలది మాటలకో గలదు. ఉజ్జీవకూటములలో బోధకులు పరలోకమునకు సిద్ధపడుడని యెలుగెత్తి చెప్పుదురు. గోడలమీద నా మాటయే వ్రాయబడియుండును. శవపేటిక గోతిలోనికి దిగుచున్నప్పుడు గురువుగారు చుట్టు నిలిచినవారి నడుగు ప్రశ్నయు నదియే. ఆ నిరీక్షణను మేము నిందింపబూనుట లేదు. చనిపోయిన బిడ్డను మరల చూతునను నమ్మకముతో దినములు గడుపుచున్న తల్లిని తర్కముతో నోడించుట సంస్కరణము కాదు, క్రౌర్యము. మే మడుగున దొక్కటియే: ఎట్టి చోటికి సిద్ధపడుచున్నారు? మాఘమాసమున ఢిల్లీకి పోవువాడు కంబళి వెంట తీసికొనును. పోవు నూరి నడవడి యెఱుగక మూట కట్టుకొనువాని దేమి సిద్ధపాటు?

ఈ ప్రశ్న హైదరాబాదు పాతబస్తీ వాసులకు తక్కినవారికంటె సులభముగా బోధపడవలెను. ఏలయన నీ నగరమే స్వర్గమును మనస్సునం దుంచుకొని కట్టబడినదని ప్రతీతి. 1591లో చార్మినారు లేచినప్పుడు, మహమ్మదు కులీ కుతుబ్‌షాకు పేష్వాయైన మీర్ మొమిన్ అస్తరాబాదీ, భూమిమీద స్వర్గమునకు ప్రతిరూపముగా నుండవలెనని యీ పట్టణమును రూపించెనని చెప్పుదురు. నడుమ చార్మినారు, నాలుగు దిక్కులకు నాలుగు రాజవీథులు, తోటలు, నీటికాలువలు. పదునెనిమిదవ శతాబ్దిలో దీని చుట్టు ప్రాకారము లేచినది, దర్వాజాలు నిలిచినవి, రాత్రివేళల నవి మూయబడుచుండెను. నేడు వానిలో మిగిలినవి దబీర్‌పురా దర్వాజాయు, పురానాపూల్ దర్వాజాయు మాత్రమే.

బైబిలులోని కడపటి పుస్తకమగు ప్రకటన గ్రంథము వర్ణించిన పరలోకముగూడ గోడయు గుమ్మములును గల పట్టణమే. దిక్కునకు మూడేసి చొప్పున పండ్రెండు గుమ్మములు. అయిన నొక భేదము: అక్కడ రాత్రి లేదు గనుక నా గుమ్మము లెన్నడును మూయబడవు. క్రైస్తవ గ్రంథము తోటలో నారంభమై పట్టణములో ముగియుట మా కెప్పుడును గొప్ప విశేషముగా తోచుచుండును. తోటలో నిద్దఱే యుండవచ్చును. పట్టణమన్నచో నిరుగుపొరుగు తప్పదు. ఒక బావినీరు, ఒక సంత, ఒక వీథి తప్పవు. కావున నట్టి పట్టణమునకు ప్రయాణమైనవాడు నేర్చుకొనవలసిన మొదటి విద్య పొరుగువానితో కలసి బ్రదుకుట. ఎవనిని చూచినచో ఒదిగి తొలగిపోవుట నలవాటో, వానితోనే నిత్యము వీథి పంచుకొనవలసియున్నది!

మీర్ మొమిన్ తన పేర వెలసిన దాయరాలో, ఈ పాతబస్తీలోనే, సమాధియందున్నాడు. ఆయన కర్బలా మన్ను తెప్పించి యా నేలలో కలిపెనని ప్రసిద్ధి. ఆ మంటిలో నిద్రించినవారికి పరలోకమున మేలగునని నమ్మి యెందఱో తమవారి నక్కడ ఖననము చేసిరి. నైజాము దివానుగా ప్రఖ్యాతుడైన మొదటి సాలార్‌జంగు 1883లో మరణించి యక్కడనే చోటు పొందెను. మంచి మన్ను వెదకుకొనుటయు నొకవిధమైన సిద్ధపాటే. దానిని మేము పరిహసింపము. క్రైస్తవుడు మాత్రము తల యూచి, మంటిలో మహిమ లేదనును. అది యతని మతము. మన్నునకు మహిమ లేదని తెలిసికొన్న తెలుగు సంఘము, వరుసకు మహిమ గలదని యెక్కడ నేర్చెనో మాకు తెలియకున్నది.

వరుసయనగా నేమో మన చదువరుల కెఱుకయే. పదునెనిమిదవ శతాబ్దిలో జెస్విటు గురువుల బోధవలన కోస్తా మండలములలో కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబములు క్రైస్తవము పుచ్చుకొన్నవి. తరువాతి శతాబ్దిలో మాలలును మాదిగలును వేలకొలది సంఘమున చేరిరి. ఒక్కొక్క సీమలో నొక్కొక్క మిషను ఒక కులమువారినే హెచ్చుగా చేర్చుకొనుటచే, లూథరనులన్నచో మాలలనియు, బాప్తిస్టులన్నచో మాదిగలనియు జనులు తలపోయుట యలవాటయ్యెను. దేవుని పేర కట్టిన గుడికి కులము పేరు తగిలినది. కొన్ని యూళ్ళలో గుడి వేఱు. గుడి యొక్కటియైన చోట కూర్చుండు తావు వేఱు. కొన్ని చోట్ల సమాధులతోటయు వేఱే. ఇక పెండ్లి మాట చెప్పనక్కఱలేదు. వధూవరుల ప్రకటనలలో ‘క్రైస్తవ మాల’, ‘క్రైస్తవ మాదిగ’, ‘రెడ్డి క్రైస్తవులు’ అని చదివి యెవ్వరును చదువు నాపి యాశ్చర్యపడుట లేదు. క్రీస్తు పేరునకును కులము పేరునకును నడుమ నొక కామాయైన లేదు.

ఇది మా కల్పన యని యెవరైన నందురేమో. 2016 డిసెంబరులో భారత కథోలిక పీఠాధిపతుల సభ ప్రకటించిన దళిత సాధికారతా విధానపత్రమే అస్పృశ్యత తమ సంఘములో నున్నదని యొప్పుకొన్నది. ఒప్పుకొన్నవారిని మేము మెచ్చుకొనుచున్నాము. అంతకంటె వింతయైన సంగతి మఱియొకటి గలదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులస్థుడుగా పరిగణింపబడడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును చేసిన సవరణ క్రైస్తవులకు చేయబడలేదు. బాప్తిస్మపు నీటిలో కులము కరగిపోయెనని ప్రభుత్వము నమ్మినది, నమ్మనిది సంఘము! తమకు కులబాధ తీరలేదని దళిత క్రైస్తవులు న్యాయస్థానములలో మొఱపెట్టుకొనునప్పుడు చూపదగిన సాక్ష్యము లెక్కడనో లేవు, తమ గుడిలోనే యున్నవి.

“ఇవి లోకాచారములు, పరలోకమున నన్నియు సరియగును, అందాక నెవరి స్థితిలో వారు నమ్మకముగా నుండవలెను” అని పెద్దలు కొందఱు సెలవిత్తురు. ఈ వాదము వినుటకు శాంతముగా నుండును గాని క్రీస్తు చెప్పిన ధనవంతుని కథ యెదుట నిలువదు. లాజరు పుండ్లతో ధనవంతుని గుమ్మమున పడియుండెను. ధనవంతుడు వానిని కొట్టలేదు, తఱుమలేదు, చూడలేదు, అంతే. చచ్చి యాతన పడుచున్నప్పుడును వాడేమి యడిగెను? లాజరును పంపి తన నాలుకకు నీరు తాకింపుమని యడిగెను! మంటలోనున్నను వానికి లాజరు పనివాడే. మరణము మనుష్యుని యలవాటును మార్చునని తలచువా రీ కథ నింకొకమారు చదువుదురు గాక. వారి నడుమ దాటరాని యగాధ ముండెనని కథలో గలదు. దాని నక్కడ నెవ్వరును త్రవ్వలేదు. అది యీ గుమ్మమునొద్ద దినదినము త్రవ్వబడినదే.

మన క్రైస్తవ సోదరులు ప్రభువు నేర్పిన ప్రార్థనను ‘పరలోక ప్రార్థన’ యని పిలుచుచుందురు. పేరు పరలోకపుది గాని, యందడుగున దేమి? పరలోకమున నెట్లో భూమిమీదను నట్లే జరుగవలె ననియు, నేటి యాహారము దయచేయుమనియు, అప్పులవారిని క్షమించితిమనియు. మమ్ము త్వరగా పరలోకమునకు తీసికొనిపొమ్మని యందొక్క మాటయు లేదు. ప్రతి యాదివారమును దీనిని కంఠస్థముగా చెప్పువారు, భూమిమీది సంగతి తమది కాదని యెట్లనగలరో!

సిద్ధపాటనగా నేమో యీ నగరమునకు మూసీ నేర్పినది. 1908 సెప్టెంబరు 28వ తేదిన నది పొంగి సుమారు 15,000 మందిని పొట్టబెట్టుకొన్నది. అఫ్జల్‌గంజునొద్ద నొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నేటికిని గలదు. ఆ కొమ్మలమీద నెవరి ప్రక్క నెవరు కూర్చుండవలెనని యా దిన మెవ్వరును విచారింపలేదు. నైజాము మహబూబ్ అలీఖాను మూసీ యొడ్డున చేరి నదికి పూజ చేసి శాంతింప వేడెనని జను లిప్పటికిని చెప్పుకొందురు. ఆ భక్తిని మేము తప్పుపట్టము. అయిన నంతతో నెవ్వరును చేతులు కట్టుకొని కూర్చుండలేదు. విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి, ఆయన సూచనల ననుసరించి 1920 నాటికి ఉస్మాన్‌సాగరును, 1927 నాటికి హిమాయత్‌సాగరును నిర్మించిరి. రాబోవు నీటికి సిద్ధపడుట యనగా రాయి మోయుట, సున్నము కలుపుట, కట్ట వేయుట. రాబోవు లోకమునకు మాత్రము పాట పాడినచో చాలునా?

ఇక రెండవ పక్షమువారు గలరు. వారు మన సంస్కర్తలలోనివారే గనుక వారికి చెప్పుట మఱింత కష్టము. “పరలోకమే బీదలకు పెట్టిన మత్తుమందు, దానిని పెఱికివేసినచో నన్నియు చక్కబడును” అని వారి వాదము. వారు ఒంగోలు చరిత్ర చదువలేదని మా యనుమానము. 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్తిస్టు బోధకుడు జాన్ క్లౌ దొరగారి పాఠశాలకు పై కులములవారు తమ పిల్లలను పంపిరి. మాదిగలు బాప్తిస్మము కోరి వచ్చినంతనే వారు, వీరిని చేర్చుకొన్నచో మేము రామనిరి. దొర మాదిగలనే చేర్చుకొనెను. ఆ నాడు గుమ్మమునొద్ద నెవరిని నిలువబెట్టవలెనను ప్రశ్నకు నొక సమాధానము దొరకినది. తరువాత 1876–78 కఱవు వచ్చినది. దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో నొక భాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. కూటికై మతము పుచ్చుకొందురేమోయను శంకతో నా కాలమున బాప్తిస్మము లిచ్చుట మానెను. కఱవు తీఱిన పిమ్మట, 1878 జూలై 3వ తేదిన గుండ్లకమ్మ యొడ్డున నొక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

వారు పరలోకపు నిరీక్షణతో వచ్చినవారు కారా? అదియే వారిని మత్తులో ముంచినదా? తరతరములుగా నీ బ్రదుకు నీ కర్మఫలమని విన్నవాడు, దేవుని యింట నీకును వారసత్వము గలదని వినెను. విని తల యెత్తెను. పిల్లవానిని బడికి పంపెను. ఆ యాశను వాని చేతినుండి లాగికొను నధికారము మన కెవ్వ రిచ్చిరి? బీదవాని నోట పరలోకము తిరుగుబాటు. కలిగినవాని నోట నదే మాట బీదవానికి చెప్పు నోరుమూత. మందు ఒక్కటే, పోయు చేయి వేఱు. మత్తుమందన్నవారు పోసిన చేతిని పట్టుకొనక సీసాను పగులగొట్టుచున్నారు.

మెదకు దేవాలయమును చూచినవారి కిందులో కొంత కంటికి కనబడియుండును. కఱవు దినములలో పాస్నెట్ దొరగారు కూలికి కూడు పెట్టుచు 1914లో నారంభించి, 1924 క్రిస్మసునాడు దానిని ప్రతిష్ఠింపజేసిరి. అందలి రంగుటద్దముల కిటికీలలో నొకటి క్రీస్తు పరలోకమున కారోహణమైన ఘట్టమును చూపును. చూడబోవువారు తల పైకెత్తి నిలిచిపోవుదురు. శిష్యులు నట్లే నిలిచిరి. ఆకాశమువైపు చూచుచు నిలిచితి రేమని తెల్లని వస్త్రములవారు వారి నడిగిరని గ్రంథములో గలదు. ఆ ప్రశ్న యీనాటికిని పాతబడలేదు.

సమాధి విషయమున నీ పాతబస్తీ చెంతనే యొక చమత్కారము గలదు. నైజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 1798 మార్చిలో మరణింపగా, మలక్‌పేటకు చేరువ అస్మాన్‌గఢ్ గుట్టమీద నతనిని సమాధి చేసిరి. ఆయన క్రైస్తవుడు, ఫిరంగులు పోయించిన వాడేగాని పుణ్యపురుషుడనదగిన వాడేమియు కాడు. అయినను హిందువులతనిని మూసారామనియు, ముస్లిములు మూసారహీమనియు పిలిచి, చాలకాలము ఏటేట నాతని వర్ధంతినాడు దీపములు పెట్టుచుండిరి. మూసారాంబాగను పేట పేరునకు నదియే మూలము. పరమతస్థుడైన సైనికుని గోరీకి నూనె పోయగలిగిన యీ నేలమీద, ఒకే గిన్నెలో ప్రభుభోజనము పుచ్చుకొన్న యిద్దఱు ఒక వరుసలో పండుకొనలేకపోవుట యెట్టిదో యోచింపుడు.

కాగా మేము కోరున దేమి? సంఘపెద్దలు సమాధులతోటలో చనిపోయిన తేదీల వరుసనే పాటింపవలెను. కుటుంబములకు కొనిపెట్టిన మూలలను, కులములకు విడిచిన మూలలను మాన్పవలెను. కులము పేరు వేసిన పెండ్లి ప్రకటన యిచ్చినవారి వివాహమును దీవించుటకు ముందు గురువులు వారితో రెండు మాట లాడవలెను. ఆశీర్వాదపు రుసుము పోవునను భయమున్నచో నది వేఱు సంగతి. హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల ఆంథోనీగారు 2022 ఆగస్టు 27వ తేదిన కార్డినలు పదవి పొందిరి. ఆ పదవి నందిన మొదటి దళితుడాయనయే. ఆ దినమున తెలుగునాట దండలకు కొఱత లేకపోయెను. మేమును సంతసించితిమి. దండలు వేసినవారిలో నెందఱు ఆ కులపు టింటికి పిల్ల నిచ్చెదరని మాత్రము మా మనస్సు లెక్కించుచునేయుండెను.

ఈ పత్రిక చదువు గృహస్థులు, గృహిణులు, క్రైస్తవులు గానివారే హెచ్చు. వారు మా మాటలకు చేతులు తట్టుదురేమో. తట్టుటకు ముందు వంటయింటిలోనికి పోయి, పనిమనిషికి కాఫీ పోయు గ్లాసు ఏ మూలనున్నదో చూచి రావలెను. తెలుగు సంఘమునకు వరుసలు ఒడ్డు దాటి వచ్చినవి కావు. మన యిండ్లనుండి వెళ్ళినవే.

నవంబరు 2వ తేదిన సమాధుల పండుగ వచ్చును. ఆ సాయంకాలము కుటుంబములవారు తమవారి గోరీలు కడిగి, సున్నము కొట్టి, బంతిపూలు పఱచి కొవ్వొత్తులు వెలిగింతురు. గోడయో దారియో దాటి యావలి వరుసలో దిక్కులేని గోరీలు కొన్ని చీకటిలో నుండును. ఈ యే డక్కడికి నొక కట్ట కొవ్వొత్తులు తీసికొనిపోవువా రెవరో, ఏ యూరివారో, మాకు వ్రాసి తెలుపవలెనని కోరుచున్నాము.