బెల్లాన్ని ఏ క్లాసులో నిలబెట్టాలి?

షో షెడ్యూల్ అంటే పెళ్ళి భోజనం కాదు, వచ్చినవన్నీ విస్తట్లో వేయించుకోవడానికి. ఈ మాట మా అమ్మాయికి వారం రోజులుగా చెబుతున్నాను. ఆ కాగితం మీద తను ఎనిమిది క్లాసులకు టిక్కులు పెట్టుకుంది. నేను రెండు చాలంటున్నాను. వాళ్ళ నాన్న యథాప్రకారం "మీరిద్దరూ తేల్చుకోండి" అని డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఎప్పుడూ పిల్లలూ, అత్తగారూ, ఆవకాయా అంటూ రాసే ఈవిడకు గుర్రాల గోలేమిటి అనుకోకండి. ఇదీ ఇంటి సంగతే. మేముండే డెవన్‌లో పక్కింటి పెద్దావిడ ఓ సంస్థ దగ్గర్నుంచి రెస్క్యూ పోనీని తెచ్చుకున్నారు. ఎవరో తిండీ నీళ్ళూ చూడకుండా వదిలేసిన పిల్ల అది. ఇప్పుడు మూడేళ్ళు. కాగితాల్లో దాని పేరు వేరే ఉంది కానీ, ఒంటి రంగు చూసి మా అమ్మాయి 'బెల్లం' అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆవిడా అలాగే పిలుస్తున్నారు. బడి నుంచి రాగానే పేడ ఎత్తేదీ, జూలు దువ్వేదీ మా అమ్మాయే. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అందుకని షోలో పగ్గం పట్టుకుని పక్కన పరిగెత్తాల్సింది కూడా తనే. ఏ క్లాసులన్నది మీరే ఆలోచించుకోండి అన్నారు.

ఇక్కడ క్లాసంటే పోటీ విభాగం. మన గుంటూరు, ప్రకాశం వైపు ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని వేరు చేస్తారు కదా. పాలపళ్ళ గిత్తను తెచ్చి సీనియర్ల బండకు కట్టరు. ఇక్కడా అంతే. ఏడాదివి, రెండేళ్ళవి, మూడేళ్ళవి పగ్గంతో నడిపించి చూపే క్లాసుల్లోకి వెళతాయి. ఎక్కి స్వారీ చేసే క్లాసులు మామూలుగా నాలుగేళ్ళు నిండినవాటికే. మూడేళ్ళకే బెల్లం పైకి నిండుగా కనిపిస్తోంది, నిజమే. కానీ గుర్రానికి వెన్నెముక పూర్తిగా గట్టిపడేసరికి అయిదారేళ్ళు పడుతుంది. పైకి ఎదిగినట్టు కనిపించగానే బరువు ఎత్తేయడం మనకు అలవాటే లెండి, ఇంటి పెద్దపిల్లల విషయంలో.

స్వారీ క్లాసులు కొట్టేశాక మిగిలినవాటిలో పెద్దది 'ఇన్ హ్యాండ్'. ఇది అచ్చంగా పెళ్ళిచూపులు. జడ్జి చుట్టూ తిరిగి కాళ్ళూ గిట్టలూ మెడా చూస్తారు. అటు నడిపించమంటారు, ఇటు చిన్నగా పరిగెత్తించమంటారు, కదలకుండా నిలబెట్టమంటారు. మా అమ్మ కాలంలో నడిచి చూపించమ్మా అనడంతో ఆగక పాట కూడా పాడించేవారట. గుర్రానికి ఆ బాధ లేదు. అయితే ఇందులో జాతి క్లాసులనేవి ఉంటాయి. డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్, షెట్లాండ్, వెల్ష్ అంటూ ఈ దేశపు కొండజాతి పోనీలకు విడివిడిగా జరుపుతారు. అందులోకి వెళ్ళాలంటే ఆ జాతి పుస్తకంలో తల్లీతండ్రుల పేర్లతో నమోదై ఉండాలి. బెల్లానికి పాస్‌పోర్టు ఉంది, మెడలో మైక్రోచిప్పూ ఉంది. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుంచి ప్రతి గుర్రానికీ చిప్పు తప్పనిసరి. కానీ పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన గోత్రం ఉన్నట్టు కాదు. చూడ్డానికి డార్ట్‌మూర్ పోలికే. పోలికను నమ్ముకుని ఫారం నింపితే రింగులోంచి బయటికి పంపుతారు, నలుగురి ముందూ.

ఇంకొకటుంది. చాలా సంస్థలు ఇలాంటి గుర్రాలను పూర్తిగా ఇచ్చేయవు. పెంచుకోవడానికిస్తాయి, హక్కు తమ దగ్గరే ఉంచుకుంటాయి, అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతాయి. పిల్లనిచ్చిన పుట్టింటివాళ్ళలా. షోకి తీసుకెళ్ళే ముందు వాళ్ళనొక మాట అడగడం మర్యాద. పెద్దావిడ అడిగారు, సరేనన్నారు.

మా ఇంట్లో అసలు గొడవ రెస్క్యూ క్లాసు దగ్గర వచ్చింది. ఆదుకున్న జంతువులకని విడిగా పెట్టే పోటీ ఇది. మంచిదే. కానీ మా షోలో ఒక్కో పోనీ రింగులోకి రాగానే దాని కథ మైకులో చదువుతారు. ఎముకలు లెక్కపెట్టేలా ఉండేదని, పుండ్లు పడి ఉండేవని. పేద పిల్లలకు పుస్తకాలు పంచే సభల్లో వాళ్ళ పేదరికాన్ని మైకులో చదవడం నేను చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. వేదిక మీద నిలబడ్డ ఆ పిల్లల చూపు నేల మీదే ఉండేది. పోనీకి మైకు అర్థం కాదు, సరే. పగ్గం పట్టుకున్న పదమూడేళ్ళ పిల్లకు అర్థమవుతుంది.

పెద్దావిడ ఒప్పుకోలేదు. "ఆ కథ విన్నవాళ్ళలో ఒక్కరైనా ఇంకొకదాన్ని ఇంటికి తెచ్చుకుంటారేమో కదా" అన్నారు. దానికి నేనేం అనగలను? ఆశ్రయం కావాల్సినవి ఎక్కువ, చోటు తక్కువ. ఆ క్లాసుకు పేరిచ్చాం. ఫారంలో కథ రాయమన్న చోట మటుకు రెండే వాక్యాలు రాయించాను, ఎప్పుడొచ్చిందీ, ఇప్పుడెలా ఉందీ అని.

నాకు నచ్చింది 'హ్యాండీ పోనీ'. నేల మీద కర్రలు పరిచి ఉంటాయి, వాటిని దాటించాలి. కోన్ల మధ్య వంకర్లు తిప్పాలి, టార్పాలిన్ మీద నడిపించాలి, ఎగిరే జెండాల పక్కనుంచి తీసుకెళ్ళాలి. అందం చూడరు, జాతి అడగరు. నడిపించే మనిషిని ఆ జంతువు నమ్ముతోందా లేదా అన్నదే లెక్క. వసంతంలో గాలికి ఒక ప్లాస్టిక్ సంచి ఎగిరితే బెల్లం పొలం చివర కంచె దగ్గర పొద్దుగూకేదాకా వణుకుతూ నిలబడింది. ఇప్పుడు టార్పాలిన్ మీద ముందు కాలు వేసి, ఒకసారి మా అమ్మాయి వంక చూసి, రెండో కాలు వేస్తుంది. దీనికి రిబ్బను ఇస్తారంటే నేనూ వెళ్ళి చప్పట్లు కొడతాను.

షో దగ్గర పడేకొద్దీ నాకో భయం పట్టుకుంది. ఆకలితో వచ్చిన ప్రాణి కదా అని ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు పెట్టాలనిపిస్తుంది. తెలుగు తల్లులం, మన చెయ్యి ఊరుకోదు. రింగులో గుండ్రంగా కనిపిస్తే ముద్దుగా ఉందనేవాళ్ళకూ కొదవలేదు. కానీ ఈ కొండజాతి పోనీలు చెత్తగడ్డి తిని బతకగలిగినవి. బలమైన గడ్డి ఎక్కువైతే గిట్టల లోపల వాపొచ్చి అడుగు వేయలేవు. లామినైటిస్ అంటారు. షో కోసం కొవ్వు పట్టించడమంటే ఇంకో రకంగా హింసించడమే అంటాను నేను.

మొన్న రాత్రి అంట్లు తోముకుంటుంటే మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, అది ఎవరికీ వద్దనుకుంటే వచ్చింది. ఒక్క ఎర్ర రిబ్బనొస్తే చాలు, అందరికీ తెలుస్తుంది."

ఇక్కడ మొదటి బహుమతికి ఎరుపు.

"ఎవరికి తెలియాలే?" అన్నాను.

క్లాసులో ఒకమ్మాయి పేరు చెప్పింది. ఆ పిల్ల గదిలో గోడంతా రిబ్బన్లేనట. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. నేనూ గుచ్చి అడగలేదు.

చివరికి బేరం మూడుకు కుదిరింది. పొద్దున రెస్క్యూ, ఆ తర్వాత హ్యాండీ పోనీ. మూడోది 'యంగ్ హ్యాండ్లర్'. అందులో జంతువునుకాక, పగ్గం పట్టుకున్న పిల్లల పద్ధతిని చూస్తారు. ట్రెయిలరు ప్రయాణం, జనం, లౌడు స్పీకర్లు, ఇవన్నీ బెల్లానికి మొదటిసారి. దాని నీళ్ళ బకెట్టు మనమే తీసుకెళ్ళాలి, పరాయి బకెట్లలో మూతి పెట్టనివ్వకూడదు, అంటురోగాలుంటాయి. మూడో క్లాసు మధ్యాహ్నం రెండింటికి. అప్పటికి అది అలిసిపోతే కట్టిన ఫీజు వదిలేసి ఇంటికి రావాలన్నది నా షరతు. సరేనంది. దాని చెవులు చూసి తనే చెబుతుందట.